పెండ్లిపందిరి యెక్కడ వేయవలెను?

సంబంధము కుదిరి తాంబూలములు పుచ్చుకొన్న మఱునాటినుండియే ఆడపిల్ల గల యింట నొక ప్రశ్న బయలుదేరును: "పెండ్లి యెక్కడ?" మన అమ్మమ్మల కాలమున నీ ప్రశ్నకు తావే లేకుండెను. వధువు పుట్టినిల్లే పెండ్లియిల్లు. వాకిట మంచిదినమున పందిరిరాట నాటి, తాటియాకులు కప్పి, మామిడితోరణములు గట్టిన చాలును; మగపెండ్లివారికి పొరుగువారి యిల్లే విడిది. నేడు పట్టణములలో ననేకుల యిండ్లకు వాకిళ్లు లేవు. కావున చోటును వెదకి బాడుగకు పుచ్చుకొనవలసి వచ్చుచున్నది. చీరలను నగలను ఎంచుటయందు మనము చూపు శ్రద్ధలో నాలుగవవంతైనను ఈ విషయమున చూపుట లేదు. అది పురుషుల పని యనుకొని యూరకుందుము. పిదప ఆ చోటివలన గలుగు ఇబ్బంది మాత్రము ముందుగా మనకే తగులును. అందుచేత నాకు తోచిన నాలుగు మాటలను సోదరీమణులకు మనవి చేసికొనుచున్నాను.

మేము సికిందరాబాదులో రెజిమెంటల్ బజారున కాపురముందుము. మూడవ నిజాము సికందర్ జా పేర 1806వ సంవత్సరమున ఈ యూరికి నామకరణము జరిగినది. దండు విడిసిన చోట పటాలముల యవసరములకై యేర్పడిన అంగడివీధి యని మా పేట పేరే చెప్పుచున్నది. 1874లో రైలుమార్గము వచ్చినది. స్టేషను మాకు నిజముగా కూతవేటు దూరము. ఇచ్చటి గల్లీలలో కొన్నిటియందు ఇద్దరు ఎదురైనచో నొకరు ప్రక్కకు ఒదుగవలెను. అయినను నేను కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఆ గల్లీలోనే షామియానా వేసి పెండ్లిండ్లు చేయుట చూచితిని. ఇప్పుడు బండ్ల రాకపోకలు పెరిగి దారి మూయుట కష్టమైనది. కలిగినవారు ఊరి వెలుపల మేడ్చలు దారిని, శామీరుపేట దారిని వెలసిన పెద్ద పెద్ద ఫంక్షను హాళ్లకు పోవుచున్నారు. లేనివారును అప్పుచేసి వారి వెనుకనే పోవుచున్నారు.

చోటు ఎక్కడ నున్న నేమి, మంత్రము మంత్రమే గదా యని కొందరందురు. నాకట్లు తోచదు. భద్రాచలమున శ్రీరామనవమినాడు సీతారాముల కల్యాణము జరుగు ఆవరణమునకు మిథిల యని పేరు. మిథిల సీతమ్మవారి పుట్టినిల్లు. దేవతల పెండ్లికే పుట్టింటి పేరుగల చోటు కావలసివచ్చెనన్నచో చోటునకు అర్థము లేదనరాదు. ఇక ఆదిపర్వమున శకుంతల కథను తలంచుకొనుడు. కణ్వమహర్షి ఆశ్రమమున లేని సమయమున గాంధర్వవిధిని వివాహమాయెను. ఆ చోటు పవిత్రమైనదే, వనము రమ్యమైనదే. కాని పెద్దలు లేరు, చూచినవారు లేరు. పిదప ఆమె కుమారుని చేతబట్టుకొని దుష్యంతుని సభకు పోయినప్పుడు ఆయన యెఱుగననెను. ఆకాశవాణి పలికి సాక్ష్యమియ్యవలసి వచ్చెను. చిన్ననాడు మా తండ్రిగారియొద్ద ఈ కథ చదువుకొన్నపుడు నాకు రాజుపై కోపము వచ్చినది. ఇప్పుడు మఱియొకటి కూడ తోచుచున్నది. పెండ్లికి రమ్యమైన చోటుకంటె సాక్షులున్న చోటు ముఖ్యము.

నేటి చట్టమును ఈ మాటనే తన రీతిని చెప్పుచున్నది. 1955నాటి హిందూ వివాహచట్టము ప్రకారము సప్తపది ఆచారమైనవారికి ఏడవ యడుగుతో వివాహము పూర్తియగును. పెండ్లియనగా ఆటపాటలకును విందులకును కట్నములకును సందర్భము కాదనియు, ఆ సంస్కారము యథావిధిగా జరుగవలెననియు సుప్రీంకోర్టువారు 2024లో హెచ్చరించిరి. 1954నాటి ప్రత్యేక వివాహచట్టము ప్రకారము రిజిష్ట్రారు ఎదుట చేసికొనువారికి ముప్పది దినముల ముందు నోటీసును, నాడు ముగ్గురు సాక్షులును కావలెను. ఏ చట్టమును హాలు ఎంత పెద్దదని యడుగలేదు. సాక్షులు మాత్రము కావలెనన్నది.

ఇక నీ సంగతి నాకు దగ్గరగా తగిలిన సందర్భము చెప్పెదను. మావారి యక్కగారి కొమార్తె వివాహము మొన్నటి వైశాఖమున జరిగినది. వారి యిల్లును మా గల్లీకి ప్రక్క గల్లీయే. పిల్లవాడు రైల్వేలో అసిస్టెంటు లోకోపైలటు. తలిదండ్రులు కాజీపేటలో నుందురు. అన్నయ్యగారు, అనగా పిల్ల తండ్రి, ఊరికి దూరముగా నొక పెద్ద హాలు చూచివచ్చి, దానికై ఇంటిని కుదువబెట్టి అప్పు తెచ్చుటకు సిద్ధపడిరి. ఉన్నది ఆ యొక్క యిల్లు. పిల్ల తమ్ముని చదువు ఇంకను మూడేండ్లున్నది. వదినగారు రాత్రులు నిద్రలేక, ఒకనాడు మాయింటికి వచ్చి, "వారితో నేను చెప్పలేకున్నాను. నీవైన మీ ఆయనతో చెప్పించుము" అని కంట నీరు పెట్టుకొనిరి.

నేను మావారితో ఆలోచించితిని. బడిపంతులు గావున ఆయనకు ఏ చిక్కునైనను పలకమీద వ్రాసి చూచుట అలవాటు. "అప్పు సంగతి మనమెత్తిన బావగారికి చిన్నతనమగును. పిల్లను పిల్లవానిని కూర్చుండబెట్టి, ఎవరు రాకున్న తమ పెండ్లి పెండ్లివలె నుండదో ఆ పేర్లు వ్రాయుమందము. చోటు సంగతి పిదప చూతము" అనిరి. ఆ యాదివారము అందఱము వదినగారింట చేరితిమి. ఇద్దరును చెరియొక కాగితము తీసికొనిరి.

పిల్ల వ్రాసిన మొదటి పేరు అమ్మమ్మది, అనగా మా అత్తగారిది. ఆమెకు మోకాళ్లు పట్టుకొనిపోయి బండిలో అరగంట కూర్చుండలేరు. తరువాత పొరుగింటి అరవవారి పాటి. పిల్లకు చిన్ననాట తలంటినది ఆమెయే. పిదప ఒకటవ తరగతి పంతులమ్మ. ఆ తరువాత మోండా మార్కెట్టులో మల్లెపూలమ్ము నవ్వ; తెల్లవారకమున్నే బుట్టతో కూర్చుండవలసిన మనిషి. పిల్లవాడు తలిదండ్రుల పేర్లును అక్క పేరును వ్రాసి, తనతో పనిచేయువారి పేర్లు వ్రాసెను. వారికి ఒక రైలు దిగి మఱియొక రైలు ఎక్కుటకు నడుమ దొరకు కొన్ని గంటలే విరామము. రెండు పట్టీలును కలిపిన 150 పేర్లు కాలేదు. కాజీపేటవారు తప్ప అందఱును నడిచి రాగల దూరమువారే. కాజీపేటవారికో, రైలు దిగిన చోటే మా పేట.

అన్నయ్యగారు చాలసేపు ఊరకుండి, "ఇదంతయు బాగుగనే యున్నది గాని, చెల్లెమ్మా, రేపు నలుగురు ఏమనుకొందురు?" అని నన్నడిగిరి. నేను మాటలాడకముందే పిల్ల కలము తండ్రిచేతికిచ్చి, "నాన్నా, ఆ నలుగురి పేర్లును ఇందులో వ్రాయండి. వారికి తగిన చోటే చూతము" అనినది. ఆయన కలము పట్టుకొని కొంతతడవు కాగితమువంక చూచిరి. ఒక్క పేరును వ్రాయలేదు. కలము అచ్చట పెట్టి లేచి లోనికి పోయిరి. మఱునాడు అప్పిచ్చువాని యింటికి పోవలసినవారు పోలేదు. వదినగారు ఆ కాగితమును ఇప్పటికిని దాచియుంచిరి.

చివరకు మా పేటకు నడకదూరమున, ఒక దేవాలయమునకు చేరిన చిన్న కల్యాణమంటపము కుదిరినది. ముంగిట విశాలమైన యావరణ మున్నది. అందు లోపము లేదనను. పంకాలు చాలలేదు, బాడుగకు తెప్పించితిమి. భోజనములు మూడు పంక్తులుగా పెట్టవలసి వచ్చినది. మోటారు నిలుపుటకు చోటులేదని మగపెండ్లివారి బంధువొకరు విసుగుకొని తలంబ్రాలకు ముందే పోయిరి. కాని మా అత్తగారు కుర్చీలో వచ్చి, ఎదుర్కోలు మొదలు అప్పగింతలవఱకు కూర్చుండిరి. మేనమామ గావున మావారు పిల్లను బుట్టలో కూర్చుండబెట్టుకొని మంటపమునకు తెచ్చిరి. పూలవ్వ తన చేతి మాలయే వధువు జడకు చుట్టినది.

ఇక్కడ నొక చిన్న సంగతి చెప్పవలెను. పెండ్లిలో అరుంధతీదర్శన మున్నది గదా. సప్తర్షిమండలమున తోకవైపు చివరినుండి రెండవది వసిష్ఠుడు, దానికి ఆనుకొనియున్న చిన్న చుక్క అరుంధతి. మన ప్రాంతమున వైశాఖమాసపు రాత్రి తొలిజామున సప్తర్షులు ఉత్తరమున ఎత్తుగా నుందురు. కార్తీక మార్గశిరములలోనైన తెల్లవారుజామున గాని కానరారు. చల్లగాలి యంత్రములు బిగించి నలుదెసల మూసిన హాలులో పురోహితుడు దీపపు గుత్తిని చూపి "అదిగో అరుంధతి" యనుట నేను విన్నాను. మా పిల్లకు ఆవరణలో నిలిచి పైకి చూచు భాగ్యము కలిగినది. స్టేషను దీపముల వెలుగులో అరుంధతి కనబడెనో లేదో గాని, వసిష్ఠుడు కనబడెను. కొన్ని హాళ్లలో హోమమునకే ఒప్పుకొనరు. పొగ పైకప్పునకు తగులునందురు. అగ్నిసాక్షిగా పెండ్లియని శుభలేఖలో అచ్చువేయించుకొని, అగ్నికి చోటులేని హాలు కుదుర్చుకొనుట ఎంత వింత!

అట్టి యొక హాలులో నొక పెండ్లికి పోయితిని. మధ్యాహ్నమునకు వేఱొకరికి ఇచ్చియుండుటచే యజమాని మనుష్యులు ముహూర్తము కాగానే కుర్చీలు ఎత్తసాగిరి. సప్తపది జరుగుచుండగా నొకడు వధువు చీరకొంగుమీదుగా తివాచీ చుట్టుచుండెను. ఆ పిల్ల ఏడవ యడుగు వేసినదో లేదో ఆమె తల్లికిని తెలియదు.

పెద్ద హాలు ఎల్లప్పుడును తప్పని నేననను. ఇరువైపుల వేలకొలది బంధువులున్నవారికి, పెద్దలకు లిఫ్టును చల్లదనమును కావలసినవారికి అదియే మేలు. దేవుని సన్నిధిని చేయ మ్రొక్కుకొన్నవారికి అన్నవరము కలదు. తిరుమలలో దేవస్థానమువారు 2016 నుండి కల్యాణవేదికయందు పురోహితుని, మంగళవాద్యములను సమకూర్చి ఉచితముగా పెండ్లిండ్లు చేయించుచున్నారు. లేనివారికి అది గొప్ప వరము. ఐనను కదలలేని ముసలివారు ఇంటనుండిపోవుదురు గావున ఇచ్చటను ఆ పేర్ల పట్టీ చూచుకొనవలసినదే.

ఎవ్వరును చోటు ఇయ్యనివారి సంగతి వేఱు. వీరేశలింగము పంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము తమ యింటనే చేయించిరి. ఊరు బహిష్కరింపగా పరిచారకులు పని మానిరి. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసిరి. ఆ వధూవరులకు అంతకంటె తగిన చోటు ఆంధ్రదేశమున మఱియొకటి యుండెనా? వారికి కావలసినది ధైర్యముగల సాక్షులు. వారున్న యిల్లే కల్యాణమంటప మాయెను. నేడును కులాంతరము, మతాంతరము చేసికొను పిల్లలకు, తమ్ము మనసార దీవించువారి ముంగిలియే తగిన చోటు.

సోదరీమణులారా, చోటు చూచుటకు పురుషులతో మీరును పొండు. పెండ్లికూతురి గదికి లోపలి గడియ యున్నదా, ఆడువారి స్నానపు గదులలో నీరు వచ్చునా, వంటయిల్లు ఎంత దూరము, మెట్లెన్ని, హోమము చేయనిత్తురా యని అడుగుడు. ముహూర్తము రాత్రియైనచో, పది గంటలనుండి ఉదయము ఆఱువఱకు ఆరుబయట మైకులు పనికిరావని 2000నాటి నియమములు చెప్పుచున్నవని గుర్తుంచుకొనుడు. హాలు ఏ గంటనుండి ఏ గంటవఱకు మనదో, దినము మారినచో సొమ్ము తిరిగి యిత్తురో లేదో కాగితముమీద వ్రాయించుకొనుడు. మూఢములును ఆషాఢమును పోగా మిగిలిన కొలది ముహూర్తములకు అందఱును ఎగబడుదురు గావున తొందరపెట్టువారుందురు. తొందరలో సంతకము చేయకుడు.

వీనియన్నిటికంటె ముందు పిల్లలనిద్దరిని కూర్చుండబెట్టి, ఎవరి యెదుట తాము దంపతులు కాగోరుదురో అడుగుడు. పెండ్లినాడు వచ్చి భోజనము చేసి పోవువారు వేలమంది దొరకుదురు. సంసారమున చిక్కు వచ్చిన నాడు తలుపు తట్టి, "అమ్మాయీ, ఆనాడు నేనచ్చట కూర్చుంటిని, నాకు చెప్పుము" అనగలవారు కొలదిమంది. వారు సుఖముగా కూర్చుండగల చోటు ఏదో, అదియే ఆ వధూవరులకు తగిన కల్యాణమంటపము.