ఒక్క ప్లేటు... ఖావ్‌ ఫాట్‌!

'కిన్‌ ఖావ్‌ యాంగ్‌?'

థాయ్‌లాండ్‌లో తెలిసినవాళ్లు ఎదురుపడితే తరచూ వినిపించే పలకరింపు ఇది. 'అన్నం తిన్నావా?' అని అర్థం. మనకేం కొత్త కాదు కదూ! అక్కడ తినడం అన్న పనికే 'అన్నం తినడం' అని పేరు.

ఆ తినడానికో పద్ధతి ఉంది. ఎవరి కంచంలో వాళ్లకు తెల్లన్నం. మధ్యలో కూర, పులుసు, చేప, వేపుడు. వీటన్నిటినీ కలిపి 'కప్‌ ఖావ్‌' అంటారు. అంటే 'అన్నంతో పాటు' అని. గిన్నెలు అందరివీ. ఎవరికి వాళ్లు చెంచాతో కొద్దికొద్దిగా వేసుకుంటారు. నలుగురు కూర్చుంటే నాలుగు రుచులు. మరి తినేది ఒక్కరే అయితే?

అదిగో, అక్కడే వస్తుంది ఖావ్‌ ఫాట్‌. ఖావ్‌ అంటే అన్నం, ఫాట్‌ అంటే వేయించడం. మన ఫ్రైడ్‌ రైస్‌ అన్నమాట. అన్నమూ ఆదరువూ ఒకే కంచంలో! ఇలాంటివాటిని 'ఆహాన్‌ చాన్‌ దియావ్‌' అంటారు... ఒక్క ప్లేటు భోజనం. ఆ 'ఆహాన్‌' మరేదో కాదు, సంస్కృతం నుంచి వెళ్లిన మన 'ఆహారమే'.

మూకుడులో పెద్ద మంట మీద వేయించే విద్య చైనా నుంచి వలస వచ్చినవాళ్లది. దానికి థాయ్‌లు తమ రుచి కలిపారు. వెల్లుల్లి, గుడ్డు, కాస్త మాంసమో రొయ్యలో, ఉల్లిపాయ, చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసే 'నామ్‌ ప్లా', చిటికెడు పంచదార, తెల్ల మిరియాల పొడి... అంతే. పక్కన కీరా ముక్కలు, నిమ్మబద్ద. థాయ్‌ వంట అంటే కారం అనుకుంటాం గానీ ఇది చప్పగా, కమ్మగా ఉంటుంది. అందుకే పిల్లలకీ పెడతారు. కారం కావాలా? నామ్‌ ప్లాలో పచ్చిమిర్చి తరిగి వేసిన చిన్న గిన్నె ఉండనే ఉంది.

దీనికి నిన్నటి అన్నమే మేలు. చల్లబడి తడి ఆరిన మెతుకు ముద్ద కట్టదు. బియ్యంలో 'మే ఫోసోప్‌' అనే తల్లి ఉంటుందనీ మెతుకు పారేయకూడదనీ పిల్లలకు చెప్పే దేశం అది. మన ఇళ్లలో మిగిలిన అన్నానికి పోపు పెట్టినట్టే, అక్కడ ఖావ్‌ ఫాట్‌. అయితే ఒక జాగ్రత్త... అన్నం రాత్రంతా బయటే ఉంటే అందులో చేరే బ్యాక్టీరియా విషం వేయించినా పోదు. త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవాల్సిందే.

బ్యాంకాక్‌లో అద్దెగదులు చాలావాటికి వంటిల్లు ఉండదు. విద్యార్థులకూ ఉద్యోగులకూ దిక్కు అడిగింది అడిగినట్టు వండిపెట్టే వీధి దుకాణాలే. కాసేపట్లో ప్లేటు చేతికొస్తుంది. పైన వేయించిన గుడ్డు కావాలంటే 'ఖై దావ్‌', అంటే నక్షత్రం గుడ్డు. ఇంకాస్త ఎక్కువ పెట్టమనాలంటే 'ఫిసేత్‌'. ఇది మన 'విశేషం'!

కెచప్‌, ఎండుద్రాక్ష, సాసేజ్‌లతో చేసే 'అమెరికన్‌ ఖావ్‌ ఫాట్‌' కూడా ఉంది. వియత్నాం యుద్ధకాలంలో థాయ్‌లాండ్‌లో అమెరికా సైనిక స్థావరాలు ఉన్న రోజులతో దీన్ని ముడిపెడతారు. పేరుకే అమెరికా, తినేది థాయ్‌లే. 'ఫాట్‌ థాయ్‌' నూడుల్స్‌ని ఫిబున్‌ ప్రభుత్వం పనిగట్టుకుని ప్రచారం చేసింది. ఖావ్‌ ఫాట్‌కి అలాంటి అండ అక్కర్లేకపోయింది. ఆకలీ తీరికలేకపోవడమే దాన్ని ఇంటింటికీ చేర్చాయి.

అలాగని నలుగురూ కూర్చుని తినే భోజనం పోయినట్టేనా? పోలేదు. సముద్రపు చేపల హోటళ్లలో పీతమాంసంతో చేసిన ఖావ్‌ ఫాట్‌ పెద్ద పళ్లెంలో బల్ల మధ్యకే వస్తుంది. తెల్లన్నం స్థానంలో అందరూ దాన్నే పంచుకుంటారు.

ఒంటరివాళ్ల దగ్గరికి వెళ్లే ఖావ్‌ ఫాట్‌ మరొకటుంది. ఎవరైనా అరెస్టయితే అయినవాళ్లు ఖావ్‌ ఫాట్‌ పొట్లం, 'ఒలియాంగ్‌' అనే చల్లటి నల్ల కాఫీ పట్టుకుని చూడ్డానికి వెళ్లడం అక్కడ వాడుక. ఒలకదు, పక్కన కూర అక్కర్లేదు. తప్పుదారి పట్టిన స్నేహితుణ్ని 'నీకు ఖావ్‌ ఫాట్‌, ఒలియాంగ్‌ మోసుకురావాలేమో' అని హెచ్చరించడమూ ఉంది. వేళాకోళమే అయినా, అందులో ఓ భరోసా కూడా ఉంది... నువ్వెక్కడున్నా, అన్నం తిన్నావా అని అడగడానికి ఎవరో ఒకరు వస్తారని!