రెండెకరాలు... పదిహేను పంటలు!

మార్గశిర మాసం. నల్లరేగడి చేలో తెల్లజొన్న నడుమెత్తు పెరిగింది. ఆకుల మీద మంచు ఇంకా ఆరలేదు. విత్తాక దీనికి ఒక్క తడి కూడా పెట్టలేదు. మరి ఎలా పండుతుంది?

‘‘మంచుకు పండుతది బిడ్డా!’’ అంటూ నవ్వుతుంది ఆ చేను యజమానురాలు. అరవై దాటిన మనిషి. కొడవలి నడుముకు దోపుకుని గట్టు మీద చకచకా నడుస్తోంది.

హైదరాబాద్ నుంచి ముంబయి రహదారిలో వంద కిలోమీటర్లు దాటాక వస్తుంది జహీరాబాద్. సంగారెడ్డి జిల్లాలోని ఈ ప్రాంతంలో ఇలాంటి యాసంగి పంటల్ని ‘సత్యం పంటలు’ అంటారు. వానాకాలమంతా రేగడి తాగి దాచుకున్న నీరే వేళ్లకు ఆధారం. రాత్రి కురిసే మంచు దానికి తోడు. బోరు లేదు, కరెంటు కోసం ఎదురుచూపులూ లేవు.

ఒకటి పోతే ఇంకోటి

ఆ కుటుంబానికి ఉన్నది రెండెకరాలే. నల్లచెక్క ఒకటి, ఎర్రచెక్క ఒకటి. నల్లదాంట్లో తెల్లజొన్న, శనగ, అవిసె, ధనియాలు, చుట్టూ కుసుమ. కుసుమకు ముళ్లుంటాయి కాబట్టి పశువులు లోపలికి రావు. అంటే కంచే నూనె గింజలిస్తుందన్నమాట! ఎర్ర నేలలో వానాకాలం పచ్చజొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, మినుము, బొబ్బెర, అనుము, పుంటి, నువ్వు కలిపి విత్తారు. ఇప్పుడక్కడ కంది ఒక్కటే కాయలతో నిలబడి ఉంది.

చూడ్డానికి కలగాపులగం. కానీ లెక్క ఉంది. పెసర, బొబ్బెర నేలను కప్పి తేమను కాపాడతాయి. పప్పుజాతి మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టిస్తాయి. కంది వేరు లోతుకు పోతుంది, రాలిన ఆకు ఎరువవుతుంది. జొన్న కంకులపై వాలిన పిట్టలు కంది పురుగుల్నీ ఏరుకు తింటాయి. వాన ముఖం చాటేస్తే కొర్ర దక్కుతుంది, ఆలస్యంగా పడితే కంది కోలుకుంటుంది. అన్నీ ఒకేసారి పోవు. చిన్న రైతుకు ఇంతకంటే బీమా ఏముంటుంది? కలుపు తీస్తూనే దొగ్గలికూర, గునుగు కోసుకుంటే పూటకు కూర ఖర్చూ ఉండదు.

గుమ్మిలో ధీమా

అసలు ఆస్తి ఇంట్లో ఉంది. బూడిద, వేపాకు కలిపి, మూతికి పేడమట్టి మెత్తిన బుట్టలు వరసగా కనిపిస్తాయి. అన్నీ విత్తనాలే! సంఘం నుంచి సోలెడు తీసుకున్నవాళ్లు పంటొచ్చాక రెండు సోలెలు తిరిగివ్వాలి. డబ్బుతో పనిలేదు.

ఇక్కడి పేద దళిత మహిళలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో కట్టుకున్న సంఘాలివి. బీడు భూముల్ని సాగులోకి తెచ్చాయి. తమ ధాన్యాన్ని తమ ఊళ్లలోనే పంచుకున్నాయి. 2008లో మాచనూరులో సొంత రేడియో పెట్టుకున్నాయి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం అందుకున్నాయి. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాల్ని ఊరూరా తిప్పే ‘పాత పంటల జాతర’ కూడా వీటిదే.

కష్టమూ ఉంది

అలాగని అంతా బంగారమేం కాదు. పదిహేను పంటలంటే పదిహేను కోతలు. అడవిపందుల బెడద ఒకటి. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాక నగరాల్లో కొర్రలకు గిరాకీ పెరిగిన మాట నిజమే. కానీ పొట్టు తీసే మర దగ్గర్లో లేకపోతే రోకలే దిక్కు.

అందుకే ఆ ఇంట్లో ఓ చర్చ నడుస్తోంది. కొడుకు జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ పనికి పోతాడు. ‘‘అవ్వా, వచ్చే వానాకాలం ఎర్రచెక్కల పత్తి పెడదాం. ఒక్కటే పంట, ఒక్కటే పని’’ అంటాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు. చేతులు తక్కువయ్యాయి, అవ్వకు మోకాళ్లు పట్టేస్తున్నాయి.

‘‘ఒక్క ఏడు ఇత్తకుంటే ఇత్తనం ముసల్దయితది. రెండేండ్లయితే మొలకే రాదు. మల్ల యాడికెల్లి తెస్తవ్ కొడకా?’’ అన్నది ఆమె ప్రశ్న. పురుగుమందు కొనొచ్చు, ఎరువు కొనొచ్చు. ఆ చేలో తరాలుగా అలవాటుపడ్డ గింజ ఏ దుకాణంలోనూ దొరకదు.

వాకిట్లో పచ్చజొన్న ఎండుతోంది. ఆమె ఒక గింజ తీసి పంట కింద పెట్టుకుంది. ఎండిన గింజ టక్కుమని విరగాలి, అప్పుడే బుట్టకెక్కాలి. ఏమీ చెప్పకుండా ఇంకో గింజ కోడలి చేతిలో పెట్టింది.

కోడలు కొరికి చూసింది. ‘‘ఇంకో రెండెండలు కావాలె అత్తమ్మా.’’

అత్త మాట్లాడలేదు. తృప్తిగా తలూపి, గింజల్ని మళ్లీ పల్చగా నేర్పింది.