ఒక గరిటె అన్నం తక్కువ

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శాకాహారం, బొజ్జ - ఈ మూడిటికీ ఏదో అవినాభావ సంబంధం ఉందని నాకు ఎప్పట్నుంచో అనుమానం. కోడీ చేపా ముట్టనివాడికి బరువు సమస్యేంటి, తినేది ఆకులూ అలములే కదా అని మాంసాహారులైన మిత్రులు ఆశ్చర్యపోతుంటారు. ఆకులు తింటే ఇబ్బందే లేదండీ. మేం తినేది అన్నం! పప్పన్నం, కూరన్నం, చారన్నం, పెరుగన్నం. నాలుగు పేర్లు, వస్తువు ఒకటే. పొద్దున ఇడ్లీ, సాయంత్రం అటుకులు కూడా దాని చుట్టాలే.

మాది సూర్యాపేట. వారానికి రెండు రోజులు హైదరాబాదు ఆఫీసు, మిగతా రోజులు ఇంటినుంచే పని. అక్కయ్య వాళ్ళది కోదాడ, అత్తగారిల్లు మిర్యాలగూడ. ఆ రెండూ నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ఊళ్ళు. మిర్యాలగూడ సంగతి వేరే చెప్పాలా, ఎటు చూసినా రైసు మిల్లులే. మా ఇంటికి బియ్యం బస్తాలు అక్కణ్ణుంచే వస్తాయి. అల్లుడికి పెట్టుపోతల్లో లోటు చేయకూడదు కదా.

రెండేళ్ళ క్రితం ఆఫీసువాళ్ళు చేయించిన పరీక్షల్లో నా లెక్కలు ఇలా వచ్చాయి. వయసు 38, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు, నడుము 101 సెంటీమీటర్లు, హెచ్‌బీఏవన్‌సీ 6.1. ఈ చివరి అంకె 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గుమ్మం దగ్గర నిలబడ్డట్టు, 6.5కి చేరితే లోపలికొచ్చేసినట్టు. మా నాన్నకి 45 ఏళ్ళకే షుగరొచ్చింది. కాలికి పుండుపడి, మానక, చివరికి రెండు వేళ్ళు తీసేశారు. ఆ డ్రెస్సింగులు దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి 6.1 నాకు ఉత్త అంకెలా కనపడలేదు.

అసలు మనవాళ్ళకి కనపడే లావు కన్నా కనపడని కొవ్వుతోనే తంటా. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో ఒకటి వచ్చింది. ఒకాయన పుణె డాక్టరు యాజ్ఞిక్, రెండో ఆయన ఇంగ్లండు డాక్టరు యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ అచ్చంగా 22.3. కానీ ఒంట్లో కొవ్వు చూస్తే ఇంగ్లండాయనకి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం! అందుకే మనకి బీఎంఐ 25 దాకా ఫరవాలేదన్న లెక్క చెల్లదు, 23 దగ్గరే జాగ్రత్తపడాలి. మగవాళ్ళకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు. తూకం లేకపోయినా టైలరు టేపు ఉంటే చాలు, మన సంగతి తెలిసిపోతుంది.

మరి తగ్గేదెలా? తెలుగునాట డైట్లకి కొదవలేదు. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే లేని వంటలు చెప్పారు. 2018 ప్రాంతంలో ఊరూరా వీరమాచనేని రామకృష్ణ గారి కొబ్బరినూనె మాటే. ఆ తర్వాత ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలొచ్చాయి. వీటి మంచిచెడ్డలు తేల్చేంత చదువు నాకు లేదు. నన్ను ఆలోచింపజేసింది మా కోదాడ బావ.

బావ ఒక డైటు పట్టి మూడు నెలల్లో 13 కిలోలు తగ్గాడు. ఏ డైటన్నది ఇక్కడ అనవసరం. కాలనీ అంతా ఆయన్ని చూసి నోరెళ్ళబెట్టింది. కానీ ఇంట్లో పరిస్థితి ఏంటంటే, అక్క ఆయనకొక వంట, పిల్లలకొక వంట. ఆయన టేబుల్ దగ్గర ఒక్కడే కూర్చుని తన గిన్నె తను తినేవాడు. పెళ్ళికెళితే నీళ్ళబాటిల్ పట్టుకుని మూలన కూర్చునేవాడు. మేనకోడలి పదో తరగతి పరీక్షలొచ్చాయి, అక్కకి రెండు వంటలు చేసే ఓపిక పోయింది. ఎనిమిది నెలల్లో 13 కిలోలూ వడ్డీతో సహా తిరిగొచ్చాయి. "అది డైటు తప్పు కాదురా, మీ అక్క ఒక్కతే ఎన్నాళ్ళని మొయ్యగలదు" అన్నాడు బావ. నాకు ఆ మాట బాగా పట్టింది. ఇల్లంతా ఒక దారిలో పోతుంటే ఒక్కడు ఇంకో దారిలో ఎన్నాళ్ళు నడుస్తాడు? మన భాషలో చెప్పాలంటే, సిస్టంలో డిఫాల్ట్ సెట్టింగు మార్చకుండా రోజూ చేత్తో ఓవర్‌రైడ్ చేస్తూ కూర్చోవడం. రిలీజు రోజున ఖచ్చితంగా మర్చిపోతాం.

అందుకే నేను తినేది కాకుండా ఇంట్లోకి వచ్చేది లెక్కేశాను. అమ్మానాన్నా, మేమిద్దరం, మొత్తం నలుగురం. ఇప్పుడు బియ్యం బస్తాలు 26 కిలోలవి వస్తున్నాయి (25 దాకా ఉన్న ప్యాకింగుకి 2022 జూలై నుంచి జీఎస్టీ కదా, మనవాళ్ళ తెలివి!). నెలకి బస్తాన్నర ఖర్చు. అంటే 39 కిలోలు. మనిషికి రోజుకి 325 గ్రాములు, దాదాపు 1150 కేలరీలు ఉత్త బియ్యం నుంచే. పప్పులన్నీ కలిపి నెలకి మూడు కిలోలు, అంటే మనిషికి 25 గ్రాములు.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల పళ్ళెం ఒకటుంది. అందులో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు. ధాన్యానికీ పప్పుకీ నిష్పత్తి మూడుకి ఒకటి. మా ఇంట్లో పదమూడుకి ఒకటి! నూరు గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు 8 గ్రాముల లోపే, కందిపప్పులో 22 దాకా ఉంటాయి. శాకాహారికి పప్పు తగ్గితే కడుపు నిండిన తృప్తి ఉండదు, ఆ లోటు మళ్ళీ అన్నంతోనే పూడుస్తాం. అదీ అసలు బగ్గు.

బియ్యం బదులు జొన్నలో కొర్రలో తింటే పోదా అంటారేమో. వాటిలో పీచు ఎక్కువ, మంచివే. కానీ కేలరీలు మాత్రం నూరు గ్రాములకి 330-350 దగ్గరే, బియ్యానికీ వాటికీ పెద్ద తేడా లేదు. గిన్నె సైజు తగ్గకుండా గింజ మారిస్తే బరువు పెద్దగా కదలదు.

చేసిన మార్పులు చెప్తే ఇంతేనా అంటారు. కుక్కర్లో బియ్యం మూడు గ్లాసులకి బదులు రెండు. పప్పు రెట్టింపు, నీళ్ళపప్పు కాకుండా చిక్కగా. పళ్ళెంలో ముందు కూర, తర్వాత పప్పు, ఆఖర్న అన్నం. ఐదింటికి మిరపకాయ బజ్జీల బదులు శనగలో, పెసలో, బొబ్బర్లో గుగ్గిళ్ళు. అమెరికావాళ్ళతో కాల్ ఏడున్నరకి మొదలై పదిన్నర దాకా సాగుతుంది కాబట్టి భోజనం దానికి ముందే. వినడమే తప్ప నోరు తెరవక్కర్లేని మీటింగులు రోజుకొకటైనా ఉంటుంది కదా, అది డాబా మీద నడుస్తూ. సద్దుల బతుకమ్మకి, సంక్రాంతికి, పెళ్ళిళ్ళకి ఏ నిబంధనా లేదు. మలీద వద్దనేవాడు మా ఇంట్లో పుట్టలేదు. నాన్న షుగరు మాత్రలు వాడతారు కాబట్టి ఆయన అన్నం మాత్రం డాక్టరుని అడిగాకే తగ్గించాం. మాత్రలు అలాగే ఉంచి తిండి తగ్గిస్తే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది, అది మర్చిపోకండి.

కుక్కరూ గ్లాసూ తేలికే. కష్టమైంది అమ్మ. "ఏందిరా గింతేనా తినేది? నీకేం తక్కువ చేసినమని?" అని మొదటి వారమంతా ఆమె కూడా సరిగ్గా తినలేదు. నాకు కోపమొచ్చింది కానీ, ఆమె చిన్నతనం గురించి అడిగాక మెత్తబడ్డాను. అమ్మ పుట్టిల్లు కోదాడ దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు రోజూ జొన్న గటకే, తెల్లన్నం పండగలకే. సాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరులో, కాలువలకి ఇందిరాగాంధీ నీళ్ళు వదిలింది 1967 ఆగస్టులో. ఆ తర్వాత గానీ వాళ్ళ చేలకి నీళ్ళూ, వాళ్ళింటికి వరీ రాలేదు. అంటే ఆమెకి పళ్ళెం నిండా తెల్లన్నం అంటే గెలిచినట్టు. కొడుకు ఆ పళ్ళెం వెనక్కి నెడుతుంటే ఆమెకెలా ఉంటుంది? 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం, 2025 ఉగాదికి మన పక్కనే హుజూర్‌నగర్‌లో మొదలైన మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం - ఈ నేల మీద బియ్యమంటే భరోసా. దాన్ని విషమని తిట్టే డైటు ఏదీ మా వంటింట్లో నిలవదు.

కాబట్టి అమ్మ ముందు అన్నాన్ని తిట్టడం మానేసి, పప్పు ఎక్కువ వెయ్యమని అడగడం మొదలుపెట్టాను. "ఇంకొంచెం పెట్టనా" అంటే వద్దనను, "పప్పు పెట్టమ్మా" అంటాను. పెట్టిన తృప్తి ఆమెకి దక్కుతుంది. ఇప్పుడు గుగ్గిళ్ళ తాలింపు డ్యూటీ ఆమెదే.

పద్నాలుగు నెలల్లో 84 నుంచి 75కి వచ్చాను. నడుము 92, హెచ్‌బీఏవన్‌సీ 5.6. బీఎంఐ ఇంకా 26 దగ్గరుంది, కాబట్టి పని అయిపోలేదు. కిలో కొవ్వుకి సుమారు 7700 కేలరీలనుకుంటే, తొమ్మిది కిలోలని 425 రోజులకి పంచితే రోజుకి 160 కేలరీలు. ఇది మరీ కచ్చితమైన లెక్కేం కాదు, ఒళ్ళు తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది. అయినా 160 కేలరీలంటే ఎంతో తెలుసా? 45 గ్రాముల బియ్యం. వండాక నిండుగా ఒక పెద్ద గరిటె. బావ మూడు నెలల్లో తగ్గినదాంట్లో మూడో వంతు తక్కువే తగ్గాను, అదీ దాదాపు ఐదు రెట్లు టైము తీసుకుని. కాకపోతే మా ఇంట్లో ఎవరూ రెండో వంట చెయ్యలేదు, నేను ఒంటరిగా కూర్చుని తినలేదు.

ఇప్పుడు నెలకి ఒకటే బస్తా, పప్పులు ఏడు కిలోలు. మొన్న మిర్యాలగూడలో అత్తమ్మ, బియ్యం తీసుకెళ్ళడం తగ్గించారేంటి, మా బియ్యం నచ్చట్లేదా అని మా ఆవిడని నిలదీసిందట. ఈసారి కందులు పంపమని చెప్పించాను.

మీ ఇంట్లో నెలకి బియ్యం ఎన్ని కిలోలు, పప్పు ఎన్ని కిలోలు? జిమ్ముకి ఫీజు కట్టేముందు కిరాణా చిట్టీ ఒకసారి తీసి చూసుకోండి.