గుండీల చక్రాల చిన్న రైలు

బజారులో రైలు బొమ్మలకేం కరువు లేదు. కానీ మన ఊళ్ల మీదుగా నడిచి ఆగిపోయిన బుల్లి రైలు కావాలంటే ఏ కొట్టులోనూ దొరకదు. నౌపడా–గుణుపురం రైలు అలాంటిదే.

శ్రీకాకుళం జిల్లా ఆడపడుచులకి నేను చెప్పక్కర్లేదు. మిగతావారి కోసం రెండు ముక్కలు. అది పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి మొదలై, 1931 నాటికి గుణుపురం చేరింది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. బ్రాడ్‌గేజ్‌కి అయిదున్నర అడుగులు! 2004లో చిన్న రైలు ఆపేసి పెద్ద పట్టాలు వేశారు. ఇప్పుడు ఆ దారిలో పెద్ద రైళ్లు నడుస్తున్నాయి.

మా అత్తగారి పుట్టిల్లు పాతపట్నం. టెక్కలికి కాపురానికి వచ్చింది ఆ చిన్న రైల్లోనే. నాలుగేళ్ల క్రితం గ్లకోమాతో ఆవిడకి చూపు పూర్తిగా పోయింది. అప్పట్నుంచి మాటలు తగ్గించేశారు. టీవీ పెడితే విసుగు. ఫొటోలు చూపించి లాభం లేదు. చేత్తో తడుముకునేది ఏదైనా ఇవ్వాలనుకుని, ఆ రైలు పెట్టె చెయ్యడానికి కూర్చున్నాను.

కొలతలెలా అంటారా? పెట్టెని ఎదురుగా తీసిన పాత ఫొటో ఒకటి చాలు. సరిగ్గా పెట్టె కిందే పట్టాల మధ్య దూరం కొలవండి. అది 10 మిల్లీమీటర్లుండి, పెట్టె వెడల్పు 28 ఉంటే, అసలు పెట్టె ఏడడుగులన్నమాట. ఎత్తూ అలాగే తేలుతుంది. ఎత్తు తెలిస్తే, పక్కనుంచి తీసిన ఫొటోలో పొడవు పట్టుకోవచ్చు. అడుగుకి 6 మిల్లీమీటర్ల లెక్కన తగ్గించుకుంటే పట్టాల దూరం చక్కగా 15 మిల్లీమీటర్లు వస్తుంది.

గోడలకి పాత శుభలేఖలు రెండేసి ఫెవికాల్‌తో అతికించాను. కిటికీలు ముందే కోసుకోవాలి, నిలబెట్టాక కత్తెర తిరగదు. ఊచలకి చీపురుపుల్లలు, ఇరుసులకి అగరుబత్తి పుల్లలు. చక్రానికి రెండు గుండీలు. పెద్దది లోపలివైపు, చిన్నది బయటికి. అలా అయితేనే చక్రం పట్టా మీద నిలుస్తుంది. పట్టాలకి సైకిలు చువ్వలు.

ఇంక ఫొటోలో కనిపించనివన్నీ అత్తగారే చెప్పారు. మెట్టు అతికించబోతూ ఆవిడ వేలు పట్టుకుని అక్కడ పెట్టాను. "ఏటమ్మా, ఇంత పైనుంటే నేను చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎలగెక్కాను?" అన్నారు. మెట్టు కిందికి దింపాం. బల్ల ఎటువైపు ఉండేదో, కిటికీలోంచి వాళ్ల నాన్నగారు అరటిపళ్లు ఎలా అందించారో, అన్నీ వరుసగా వచ్చాయి. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా ఆ అరటిపళ్ల సంగతి నేనెప్పుడూ వినలేదు. అది విని మావారు కూడా పేపరు పక్కన పెట్టి వచ్చి కూర్చున్నారు.

రంగు గురించి ఇంట్లో తలో మాటా అన్నారు. ఆవిడ మాత్రం, "రంగు మీరు చూసుకోండి, నాకు ఊచలు గట్టిగా ఉంటే చాలు" అన్నారు. అందుకే ఊచలకి వార్నిష్ రెండుసార్లు పూశాను. రోజూ తడిమినా ఊడలేదు.

మీ ప్రాంతంలోనూ ఆగిపోయిన రైలో, బల్లకట్టో ఉండే ఉంటుంది. దాని కొలతలు మీ ఇంటి పెద్దవాళ్ల చేతుల్లో, కాళ్లలో ఉంటాయి. వాళ్లుండగానే అడిగి చేయండి. పాత చొక్కాలు స్టీలు సామాన్లవాడికి వేసేముందు గుండీలు కోసి దాచుకోండి. మా అత్తగారు ఇప్పుడు ఇంజనెక్కడని అడుగుతున్నారు. దానికి నాకు ఇంకో పన్నెండు కావాలి!