పొరుగువానిపై సాక్ష్యము

ఒక మతమును ఖండింపబూనినవాడు ముందుగా దానిని ఆ మతస్థుని నోటనే వినవలెను గదా! జోసెఫ్ స్మిత్ 1830లో అమెరికాలో స్థాపించిన సంఘమువారు మార్మనులు. వారికి సువార్త చెప్పబోయిన ఇవాంజెలికల్ క్రైస్తవులు పెక్కుమారులు ఆ పని చేయలేదు. 2004 నవంబరు 14న సాల్ట్ లేక్ నగరమున, మార్మనుల టాబర్నకిల్ మందిరముననే, ఫుల్లర్ వేదాంత విద్యాలయాధ్యక్షుడు రిచర్డ్ మౌ, తనవారు అబద్ధసాక్ష్యము పలికిరని ఒప్పుకొనెను. పదియాజ్ఞలు నిషేధించిన పాపమే అది. తమ తరఫున పలుకుటకు నీవెవడవని స్వపక్షీయులు కొందరు ఆయనపై మండిపడిరి. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. అయినను నా మనస్సు మౌ వంకకే మొగ్గును. తండ్రియైన దేవునికి మాంసాస్థులతో కూడిన దేహము కలదని మార్మనులు నమ్ముదురు, ఆయన నమ్మడు. ఆ భేదమును దాచకయే, మార్మను పండితులతో 2000లో ఆరంభమైన చర్చను ఆయన ఏండ్ల తరబడి సాగించెను.