పంక్చర్ షాపులో పౌడర్ డబ్బా

ఖనిజాల్లోకెల్లా మెత్తనిది టాల్క్. గట్టిదనాన్ని కొలిచే మోస్ మానంలో వజ్రానిది 10 అయితే దీనిది 1. గోటితో గీస్తే గీత పడుతుంది. మెగ్నీషియం, సిలికాన్, ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన పలుచని పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. పొరకూ పొరకూ మధ్య పట్టు అంతంతమాత్రం. అందుకే వేళ్ల మధ్య రుద్దితే సబ్బులా జారుతుంది. టాల్క్ ఎక్కువగా ఉన్న రాయిని బలపపు రాయి అంటారు. పలకమీద అ, ఆ లు దిద్దిన బలపం దాని ముక్కే. దేశంలో ఈ ఖనిజం ఎక్కువగా రాజస్థాన్‌లో దొరుకుతుంది. మన వైపు ఉమ్మడి అనంతపురం, కర్నూలు జిల్లాల్లోనూ నిక్షేపాలున్నాయి. ఆ రాయిని ఏరి, నూరి, జల్లిస్తే టాల్కం పౌడర్ తయారవుతుంది. సెంటు కలిపితే ముఖానికి రాసుకునే పౌడర్ అవుతుంది.

టాల్క్ చెమటను పీల్చేస్తుందన్న మాట సగమే నిజం. ఇది నీటితో కలవడానికి ఇష్టపడని ఖనిజం. నీళ్లమీద చల్లితే పైనే తేలుతుంది. నూనెను మాత్రం పట్టుకుంటుంది. చర్మంమీద దాని అసలు పని ఒరిపిడి తగ్గించడం. చంకల్లో, తొడల మధ్య చర్మం చర్మాన్ని రాసుకోకుండా అడ్డుపడుతుంది. ఇంటి వాడకాలన్నీ ఈ రెండు గుణాలనుంచి పుట్టినవే: జారనివ్వడం, జిడ్డు పట్టడం.

జగిత్యాల జిల్లాలోని సారంగాపూర్ ఒక మండల కేంద్రం. పౌడర్ వాడకం మీద రాయమని పత్రిక పంపగా అక్కడికి వెళ్లిన ఈ వ్యాసకర్తకు కిరాణా కొట్లకన్నా ఎక్కువ నేర్పింది రోడ్డు పక్కన ఉన్న ఒక సైకిల్ పంక్చర్ షాపు. నడిపే పెద్దాయన ట్యూబులో గాలి నింపి నీళ్ల తొట్టిలో ముంచాడు. బుడగ లేచిన చోట వేలు పెట్టి పట్టుకుని, తుడిచి, గరుకు కాగితంతో రుద్దాడు. సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా ఊరికే కూర్చున్నాడు. తొందరపడితే అతుకు నిలవదు. ప్యాచ్ అంటించి గట్టిగా నొక్కాక, తుప్పు పట్టిన పాత డబ్బాలోంచి చిటికెడు తెల్లపొడి తీసి అతుకు చుట్టూ అద్ది, మిగిలింది ట్యూబంతా నిమిరాడు. అంచుల్లో మిగిలిన సొల్యూషన్ టైరుకు అంటుకోకుండా ఆపేది ఆ చిటికెడే. టైరు లోపల ట్యూబు మడత పడకుండా సర్దుకోవడానికీ అదే సాయం. మళ్లీ పంక్చరైనప్పుడు ట్యూబు చిరగకుండా బయటికి వచ్చేదీ దానివల్లే.

ఆయన గోడు ఒక్కటే. “ఎన్కట జోకి ఇచ్చేటోళ్లు సారూ, ఉత్త పొడి. గిప్పుడు సెంటు డబ్బ కొనుమంటరు. ట్యూబుకు సెంటెందుకు?”

ఆ ప్రశ్నకు కిరాణా కొట్లలో జవాబు దొరకలేదు. అరల్లో గులాబీ, మల్లె, గంధం వాసనల డబ్బాలే. వాసన లేని పొడి ఉందా అంటే ‘అట్లాంటిది ఎవరు కొంటరు’ అన్నారు. పనిముట్టుగా ఊళ్లోకి వచ్చిన వస్తువు అలంకారంగా మిగిలిపోయింది. దాని పని తెలిసినవాళ్లు సెంటుకు ధర కట్టి పొడి కొనుక్కోవలసి వస్తోంది.

రబ్బరు వస్తువులన్నింటికీ పంక్చర్ షాపు సూత్రమే వర్తిస్తుంది. వేడినీళ్ల సంచి, వాలీబాల్ బ్లాడర్, పనికి వాడే తొడుగులు దాచేముందు ఆరబెట్టి పొడి అద్దితే ఒకదానికొకటి అతుక్కోవు. ఆపరేషన్ గదుల్లోనూ ఒకప్పుడు చేతితొడుగులకు టాల్కే వాడేవారు. అది కడుపులో పడితే గడ్డలు, అతుకులు ఏర్పడుతున్నాయని తెలిసి మానేశారు.

దర్జీ గుడ్డమీద గీత గీసే చాక్‌లోనూ టాల్క్ ఉంటుంది. దులిపితే పోతుంది, మరక మిగలదు. గుడ్డమీద నూనె మరక పడితే ఆరకముందే పొడి దట్టంగా చల్లి కొన్ని గంటలు వదిలి, దులిపి, సబ్బుతో ఉతకాలి. పాత మరకకు ఇది పెద్దగా పనిచేయదు. చెక్కకు చెక్క రాసుకుని కిర్రుమనే తలుపు సందులో, బిగుసుకున్న సొరుగు అంచుల్లో, చిక్కుపడిన సన్న గొలుసుమీద చిటికెడు చాలు. తబలా వాయించేవారు అరచేతికి అద్దుకునేదీ చెయ్యి జారడానికే. క్యారం బోర్డుమీద చల్లేది మాత్రం చాలాచోట్ల బోరిక్ పొడి. అది వేరు, లోపలికి పోతే విషం. రెంటినీ ఒకే అరలో పెట్టకూడదు.

వంటింట్లో ఈ పొడి కనిపిస్తే అనుమానించాలి. ఇంగువ బరువు పెంచడానికి బలపపు రాయి పొడి కలిపే మోసం ఉంది. కొంచెం ఇంగువను గ్లాసు నీళ్లలో బాగా కలిపి కదలకుండా ఉంచితే తడిసిన రాతిపొడి అడుక్కు చేరుతుంది. బలపం కొరుక్కుని తినాలనిపించడం కూడా తేలిగ్గా తీసుకోవలసింది కాదు. పిల్లల్లో, గర్భిణుల్లో ఆ కోరిక తరచు రక్తహీనతకు గుర్తు. తిట్టి ఊరుకోక రక్తపరీక్ష చేయించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఊపిరితిత్తులకు సంబంధించింది. స్నానం చేయించి పసిబిడ్డ ముఖమంతా తెల్లగా పులమడం ఇక్కడ ఇంటింటి అలవాటు. గాలిలో లేచిన పొడి ఊపిరిలోకి పోతుంది. డబ్బా పిల్లల చేతికందితే ప్రమాదం ఇంకా ఎక్కువ. భూమిలో టాల్క్ పక్కనే ఆస్బెస్టాస్ కూడా ఉండవచ్చు. అందువల్ల ‘స్వచ్ఛమైన’ అన్న మాటకు తెల్లదనం సాక్ష్యం కాదు, పరీక్షే సాక్ష్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2024లో టాల్క్‌ను ‘బహుశా క్యాన్సర్ కారకం’ అన్న వర్గంలో చేర్చింది. జాన్సన్ అండ్ జాన్సన్ తన టాల్క్ బేబీ పౌడర్‌ను 2020లో అమెరికా, కెనడాల్లో ఆపి, 2023లో ప్రపంచమంతటా మొక్కజొన్న పిండికి మారింది. పిల్లలకు పౌడర్ అవసరమే లేదు. మెత్తని గుడ్డతో మడతలు తుడిచి ఆరనిస్తే చాలు. పెద్దలు వాడేటప్పుడు ముఖానికి దూరంగా అరచేతిలో పోసుకుని అద్దుకోవాలి. జననాంగాల దగ్గర వాడకూడదు.

సారంగాపూర్ పెద్దాయన పొడి తీసేటప్పుడు డబ్బా దులపడు. రెండు వేళ్లు ముంచి, అద్ది, మూత పెడతాడు. పౌడర్ వాడవలసిన పద్ధతి అదే.