దేవునికి పేరు పెట్టిన దాసి



పోయిన వారం మన గ్రూపులో దేవుళ్ల పేర్ల మీద గొడవ నడిచింది కదా. యెహోవా అనేది పరాయి పేరు అని కొందరు, మీ పాత పేర్లు వదిలేయండి అని ఇంకొందరు. మా ఇంట్లోనే రెండూ ఉన్నాయి. అమ్మ చర్చికి పోతుంది, తాత పెర్సా పెన్‌కు మొక్కుతాడు. అందుకే హీబ్రూ పేర్ల సంగతేంటో కూర్చుని చదివాను.

ముందు 'ఏల్'. దేవుడు అని అర్థం. ఇది ఇశ్రాయేలీయులకు మాత్రమే సొంతమైన మాట కాదు. సిరియా సముద్రతీరంలో ఉగరిత్ అనే పాత పట్నాన్ని 1929లో తవ్వితే మట్టిపలకలు దొరికాయి. వాటిలో కూడా ఏల్ ఉన్నాడు, అక్కడి దేవుళ్లందరికీ పెద్దగా. చుట్టుపక్కల వాళ్లు వాడే మాటనే వీళ్లూ వాడారు. ఇశ్రాయేలు, సమూయేలు, బేతేలు, అన్నిటి చివరా ఆ ఏలే. బేతేలు అంటే ఏల్ ఇల్లు. పాత మాట వదిలేయమనే వాళ్లు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

'ఎలోహీం' ఇంకో తమాషా. రూపం బహువచనం, క్రియ మాత్రం ఏకవచనం. మనం గౌరవంగా "వారు వచ్చారు" అంటాం, అక్కడ "వారు వచ్చాడు" అన్నట్టు ఉంటుంది.

ఇక యెహోవా. హీబ్రూలో అది నాలుగు హల్లులే. యూదులు ఆ పేరు పలకరు, అది కనిపించినచోట 'అదోనాయ్' అంటే 'నా ప్రభువు' అని చదువుతారు. అది గుర్తుండాలని ఆ నాలుగు హల్లులకు అదోనాయ్ అచ్చుల గుర్తులు పెట్టారు. తర్వాతి వాళ్లు రెండూ కలిపి చదివితే వచ్చిందే యెహోవా. అసలు ఉచ్చారణ 'యాహ్వే'కు దగ్గరగా ఉండేదని ఎక్కువమంది పండితులు అంటారు.

మన ఊళ్లల్లో ఆటోల మీద, తలుపుల మీద 'యెహోవా యీరే', 'యెహోవా నిస్సీ' అని స్టిక్కర్లు ఉంటాయి. యీరే అంటే చూస్తాడు, మన భాషలో "ఆయనే చూసుకుంటాడు" అన్నట్టే. కానీ అది అబ్రాహాము ఒక కొండకు పెట్టిన పేరు. నిస్సీ మోషే కట్టిన బలిపీఠం పేరు. 'యెహోవా షాలోం' గిద్యోను బలిపీఠం పేరు. పెద్దపెద్ద వాళ్లందరూ చోటుకూ రాళ్లకూ పేర్లు పెట్టారు.

తనతో మాట్లాడిన దేవునికే పేరు పెట్టింది హాగరు. ఐగుప్తు పిల్ల, శారా దాసి. ఆదికాండం 16 చదవండి. యజమాని, యజమానురాలు ఇద్దరూ "నా దాసి", "నీ దాసి" అంటారే తప్ప ఒక్కసారి కూడా పేరుతో అనరు. నాకు ఇది చదువుతుంటే హాస్టల్ గుర్తొచ్చింది. మూడేళ్లు "ఏయ్ గోండు పిల్లా" అనే పిలిచారు. రిజిస్టర్లో మా అవ్వ పెట్టిన పేరు పలకరాక వేరే పేరు రాశారు, సర్టిఫికెట్లో ఇప్పటికీ అదే.

కడుపుతో ఉన్న హాగరు బాధలు పడలేక ఎడారిలోకి పారిపోయింది. నీళ్ల ఊట దగ్గర దేవదూత మొదటిసారి "హాగరూ" అని పిలిచాడు. తిరిగి యజమానురాలి దగ్గరికే పొమ్మన్నాడు కూడా, ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అప్పుడు ఆమె పెట్టిన పేరు 'ఏల్ రోయి', చూసే దేవుడు. రోయి, యీరే రెండూ 'చూడడం' అనే ఒకే ధాతువు నుంచి వచ్చాయి. అబ్రాహాము కొండ మీద ఆ మాట అనడానికి ఎన్నో ఏళ్ల ముందే ఇంట్లో దాసి అనేసింది.

ఆ బావికి కూడా ఆమె మాటతోనే బెయేర్ లహాయిరోయి అని పేరు నిలిచింది. శారా కొడుకు ఇస్సాకు పెద్దయ్యాక, తండ్రి చనిపోయిన తర్వాత, ఆ బావి దగ్గరే కాపురం ఉన్నాడు.